మీగడ మునగకుండా

డాక్టరమ్మ అంది:
నీ గుండె తాళం తప్పుతోంది అట్రాక్టా,
కాఫీ మానెయ్.
విస్కీ ఊసు ఆమె ఎత్తలేదు,
నేనూ గుర్తు చేయలేదు.

ముప్పై రెండేళ్లు షానన్ రేవు పక్క బార్లో
పడవ దిగి వణుకుతూ వచ్చినవాళ్లకి
గాజు గ్లాసులో నలుపు మీద తెలుపు నిలబెట్టినదాన్ని.
జర్మన్లు ఫొటోలు తీస్తూ తీస్తూ
తాగడం మరిచి చల్లార్చుకునేవాళ్లు.
చెంచా బోర్లించి, దాని వీపు మీంచి
మీగడ జారవిడిచేటప్పుడు
నా ఊపిరి కాసేపు ఆగేది.
ఇప్పుడు చెంచా లేకుండానే ఆగుతోంది.

సరే, కాఫీ లేని కాఫీ.

నవంబరు జల్లులో మోకాళ్లూని
రాతిగోడ వెంట డాండెలియన్లు తవ్వాను.
పక్కతడుపు పువ్వని ఇక్కడి పిల్లలు వెక్కిరించే మొక్క.
పైన చూస్తే పిడికెడు ఆకు,
కింద మాత్రం జానెడు మొండితనం.
ఒక్కటీ తెగకుండా రాలేదు.
తొట్టిలో కడుగుతుంటే
ఏవి మొక్క వేళ్లో ఏవి నా వేళ్లో
మట్టి వదిలేదాకా తెలియలేదు.

తరిగి, ఆరబెట్టి, వేయించాను.
మొదట తడి గోనెసంచి వాసన.
తర్వాత ఏ వాసనా లేదు, చాలాసేపు.
ఆ తర్వాత ఉన్నట్టుండి ఇల్లంతా
ఎవరో చాక్లెట్ దాచుకుని తింటున్నట్టు.
అక్కడ దించాలి.
ఇంకో నిమిషం ఆగితే బొగ్గే.

తొలి విడత, గొడుగు ఉడకబెట్టిన కషాయం.
రెండోది కోళ్లు కూడా ముట్టలేదు.
మూడోసారి చికోరీ చిటికెడు, ఒక లవంగం,
టర్ఫ్ గడ్డల పొగ పట్టించిన బార్లీ గుప్పెడు.
కళ్లు మూసుకుని తాగితే
రేవులో పొద్దుటి పడవ కూత వినిపించింది.

గురువారం తమ్ముడు ఫింటన్ వస్తాడు.
వాడు మందు మాని పదకొండేళ్ల నాలుగు నెలలు,
రోజుల లెక్క వాడినే అడగండి.
వాడి గ్లాసులో ముదర చక్కెర ఇంకో అరచెంచా వేశాను.
బార్లో ఎవరికీ చెప్పని మాట ఇది:
మీగడని మోసేది మత్తు కాదు,
అడుగున కరిగిన తీపి.

తెల్లటి టోపీ పెట్టుకుని నిలబడింది గ్లాసు.
ఫింటన్ ఎత్తాడు. వాసన చూశాడు.
పెదవి దాకా తీసుకెళ్లి
బల్ల మీద పెట్టేశాడు.

ఇందులో ఉందా?
లేదురా.
అట్రాక్టా, ఇందులో ఉందా?

వాడు నన్ను చూసిన చూపు నాకు తెలుసు.
అది మాదే.
పాతరోజుల్లో వాడు లేదు లేదన్న ప్రతిసారీ
అమ్మా నేనూ వాడి మొహం మీద పెట్టిన చూపు.
ఇన్నేళ్లు దాచి, ఇవాళ
చిల్లర పైసాతో సహా తిరిగిచ్చాడు.

పొగ, అన్నాను. బార్లీ పొగ.
అలమర్లో సీసా తీసి చూపించాను,
సీలు విప్పని సీసా,
నా గ్లాసు కోసం కొన్నది.
వాడు సీలు వంక చూడలేదు,
నా చేతుల వంక చూశాడు.

అయితే మళ్లీ చెయ్యి, అన్నాడు. నేను చూస్తాను.

కెటిల్ మళ్లీ ఎక్కింది.
వేళ్ల పొడి, బార్లీ, లవంగం, చక్కెర
ఒక్కొక్కటీ వాడి ముక్కు కింద పెట్టి మరీ వేశాను,
కస్టమ్స్ వాళ్ల ముందు పెట్టె విప్పినట్టు.
మీగడ దగ్గరకొచ్చాక చెంచా వాడే అందుకున్నాడు.
బోర్లించడం రాలేదు, చెయ్యి వణికింది.
తెల్లదంతా బుడుంగున మునిగి
గ్లాసు వానకాలపు షానన్ రంగుకి తిరిగింది.

నా గ్లాసులోనూ అలాగే పోయమన్నాను.
సీసా బూట్ల వెనక్కి వెళ్లింది,
ఎవరూ వెళ్లమనకుండానే.

ఇద్దరం తాగాం.
కిటికీ అవతల ఆఖరి పడవ దీపాలు.
ఫింటన్ మీసం తుడుచుకుని
చాలాసేపు ఆలోచించి అన్నాడు:
బానే ఉంది గానీ
కొంచెం గొడుగు రుచి వస్తోందే.